భూరి పొట్ట కింది గడ్డ

భూరి పోయి ఒక వానాకాలం గడిచింది. ఇప్పుడైతే రాయగలను. అంతకుముందు రెండు మూడుసార్లు కలం పట్టాను కాని, ప్రతిసారీ అది ఎవరో ఒకరి మీద దండయాత్రగా మారిపోయింది. మొదట పశువుల దవాఖాన మీద, తర్వాత వాగు మీద, ఆ తర్వాత "కుక్కే కదా" అన్న ప్రతి మనిషి మీద. వాదించడం నాకు చిన్ననాటి నుంచి అలవాటైన పని. మా నాన్న సంస్కరణ సభలకు వెళ్తూ నన్ను వెంట తీసుకుపోయేవాడు. ఎదుటివాడి మాటలో బొక్క ఎక్కడుందో వెతకడం నేను అక్కడే నేర్చుకున్నాను. దుఃఖించడం మాత్రం ఏ సభలోనూ నేర్పలేదు.

ఇంట్లో ముసలి కుక్క ఉన్నవాళ్ళ చేయి ఏదో ఒక రోజు దాని పొట్ట కింద ఒక్క క్షణం ఆగవచ్చు. ఆ చేతి కోసం రాస్తున్నాను.

నేను పటాన్‌చెరు దగ్గరి ఒక ఊళ్ళో హైస్కూలు సైన్సు మాస్టరును. బడి అయ్యాక మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు, చిన్న పత్రికలకు వ్యాసాలు. మేముండేది ఒకే ప్రహరీలో ఉన్న రెండు కిరాయి ఇండ్లలో ఒకదాంట్లో. రెండోదాంట్లో ఖాజా భాయ్, అతని భార్య రజియా. అతను బొల్లారం షిఫ్టు కూలీలకు ఆటో నడుపుతాడు. రెండిండ్ల మధ్య వాకిట్లో ఒక చేతి బోరింగు. దాని పక్కనే, నీళ్ళు జారే చోట, భూరి కాళ్ళతో తవ్వుకున్న గుంట.

ఆమె మా ఇంటికి వచ్చింది కూడా ఖాజా భాయ్ ఆటోలోనే. పాశమైలారంలో ఏదో కంపెనీ గేటు దగ్గర సీటు కిందికి దూరిన కుక్కపిల్ల ఇల్లు చేరేదాకా బయటపడలేదట. గోధుమరంగు చూసి 'భూరి' అని పేరు పెట్టింది అతనే. కాని ఇంట్లో నమాజు చేసుకునే చోటు ఉంది. కుక్క ఎంగిలి తగిలితే బట్టలు పాక్ కావు, నమాజుకు పనికిరావు. పిల్లను ముట్టకుండానే ఒక అట్టపెట్టెలోకి తోలి మా గడపలో దించాడు.

"సార్, మీకు దేవుడే లేడు కదా. మీకేం అడ్డం? ఉంచుకోండ్రి."

పదేళ్ళకు పైగా ఆమెకు పొద్దుటి రొట్టె వేసింది మాత్రం అతనే. దూరం నుంచి విసిరేవాడు, ఆమె గాల్లోనే అందుకునేది. ఎప్పుడన్నా ప్రేమ పట్టలేక వెళ్ళి అతని కాలు నాకితే, ఖాజా భాయ్ "అరె, అరె" అంటూ బోరింగు దగ్గరికి పరుగెత్తి, మట్టితో రుద్ది మరీ కడుక్కునేవాడు. నేను ఊరుకునేవాణ్ణి కాదు.

"సబ్బుతో పోనిది మట్టితో పోతదా ఖాజా భాయ్?"

"మీకు సైన్సు ఎట్లనో నాకు గిది అట్ల సార్. ఆమెతోని నాకేం కొట్లాట లేదు. బోరింగు కొట్టండ్రి జెర."

నేను కొట్టేవాణ్ణి కాదు. నమ్మని పనికి నీళ్ళు పోయడమెందుకని నా పట్టుదల. అతను నవ్వుకుంటూ ఒక చేత్తో కొట్టుకుంటూ మరో చేత్తో కడుక్కునేవాడు. ఇది మా మధ్య ఏళ్ళ తరబడి సాగిన ఆట.

భూరి పోయే ముందటి ఎండాకాలం రక్తం పీల్చే గోమార్లు ఎక్కువై, సులోచన భూరిని బోరింగు దగ్గర కూర్చోబెట్టి వేపాకు నీళ్ళతో రుద్దుతోంది. సులోచన నా భార్య. పెళ్ళైన కొత్తలో సమానత్వం పేరుతో నేనే పట్టుబట్టి 'నువ్వు' అనిపించుకున్నాను. ఆ తర్వాత ఆ హక్కును ఆమె బాగా వాడుకుంది. రుద్దుతున్న చేయి ఆగింది.

"ఇటు రా. ఇక్కడ ఏందో తాకుతున్నది."

వెనక కాళ్ళ దగ్గర, చనుమొన పక్కన, చింతగింజంత. వేళ్ళ కింద జారుతోంది. భూరి మాత్రం ఇదంతా తనకు జరుగుతున్న గారాబమనుకుని కళ్ళు మూసుకుంది.

మర్నాడు గొలుసు వేసి పశువుల దవాఖానకు నడిపించుకు పోయాను. చెట్టు కింద బర్రెలు, వాటి వెనక రైతులు. డాక్టరు బదిలీ మీద పోయాడట, కొత్తవారు ఇంకా రాలేదు. కాంపౌండరు నా చేతిలో గొలుసు చూశాడు.

"ఎవరినన్న కరిసిందా సార్?"

"లేదు. దానికే బాగలేదు."

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఒకతను తన బర్రె మెడ మీద చేయి వేసి, "మంచిగున్నది. మేం పాలిచ్చేదాన్ని తెచ్చినం, సారు మొరిగేదాన్ని తెచ్చిండు" అన్నాడు. కాంపౌండరు ముట్టుకోకుండానే వంగి చూశాడు.

"ఈనిన కుక్కనేనా?"

"ఎన్నడో ఒకసారి."

"గదే మరి. పాలగడ్డ. బర్రెలకు గూడ అయితది. సున్నం, బెల్లం కలిపి పట్టియ్యండ్రి, కరుగుతది."

అతను దిష్టి తగిలిందని అని ఉంటే ఆ చెట్టు కిందే సభ పెట్టి ఉండేవాణ్ణి. 'పాలు గడ్డకట్టింది' అన్న మాటలో దయ్యం లేదు, దేవత లేదు. శరీరం ఉంది, కారణం ఉంది, ఫలితం ఉంది. అందుకని నేను ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఇంటికి వచ్చాను. చదువుకున్నవాళ్ళకు చెప్పదలచిన మాట ఇదొక్కటే: అజ్ఞానం ఎప్పుడూ విబూది పూసుకునే రాదు. సూదిమందు పళ్ళెం పట్టుకుని, మనకు నచ్చే భాషలో కూడా వస్తుంది.

సున్నం, బెల్లం పట్టించాం. భూరి బెల్లం కోసం నాకింది, సున్నానికి నోరు మండి తుమ్మింది, మళ్ళీ నాకింది. సులోచన పాత చీర చింపి కట్టు కట్టింది. ఆ వానాకాలమంతా అదే మా వైద్యం.

బతుకమ్మ వచ్చేసరికి గడ్డ నిమ్మకాయంత అయింది. జారడం మానేసి గట్టిగా అతుక్కుపోయింది. పక్కనే ఇంకొకటి మొలిచింది. ఈసారి ఇద్దరం పోయాం. దవాఖానకు కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. మమ్మల్ని చూసి, బర్రెల మధ్య పేడ కాలికి తగలకుండా దాటుకుంటూ వచ్చి, భూరి ముందు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు చేయి వాసన చూడనిచ్చింది. "పేరేంటి?" అని అడిగింది. అప్పటిదాకా ఆ చెట్టు కింద ఎవరూ అడగని ప్రశ్న అది. నేను చెప్పాను.

ఆమె చాలాసేపు తడిమింది.

"ఇది పాలగడ్డ కాదు సార్. నగరంలో పెద్ద పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కోసి తీయాలి. ఇంకా ఆలస్యం చేయొద్దు."

నేను వెంటనే వాగు గురించి అడిగాను. భూరి పొద్దస్తమానం ఆ వాగు ఒడ్డునే తిరిగేది. ఫ్యాక్టరీల నీళ్ళు కలిసి ఒక్కోరోజు ఒక్కో రంగులో పారే వాగు.

"నేను చెప్పలేను సార్. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడ కుక్కలకు వయసు మీద పడితే ఇది ఎక్కడైనా వస్తుంది. వాగు లేని ఊళ్ళోనూ వస్తుంది."

అప్పుడు సులోచన నెమ్మదిగా అడిగింది. "ఆడ కుక్కలకేనా అమ్మా? ఆడోళ్ళకు గూడనా?"

డాక్టరమ్మ ఆమె ముఖంలోకి చూసి, "కుక్క నుంచి మనిషికి అంటదు. మీకు ఏమన్నా అనుమానంగా ఉంటే మాత్రం ఇక్కడ కాదు, మనుషుల డాక్టరుకు చూపించుకోండి. భయపడుతూ కూర్చోకండి" అంది. సులోచన తల ఊపింది. భూరి పొట్ట తడిమిన రోజు నుంచీ నా భార్య స్నానాల గదిలో ఎక్కువసేపు ఉంటోందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ వారమే చూపించుకుంది. ఏమీ లేదన్నారు. ఆ రాత్రి ఆమె భూరి పక్కన చాప వేసుకుని పడుకుంది.

వాగు సంగతి నన్ను వదల్లేదు. మా హేతువాద సంఘం మిత్రులకు చెప్పాను. భూరి ఫొటో వేసి కరపత్రం తీద్దామన్నారు. నాకూ ఉత్సాహం వచ్చింది. కోపానికి ఒక చిరునామా దొరకడమంటే చిన్న ఊరట కాదు. ఇంట్లో కూర్చుని వేడి వేడి వాక్యాలు రాస్తుంటే సులోచన వెనక నుంచి చదివింది.

"డాక్టరమ్మ చెప్పలేనన్నది కదా. నీకెట్ల తెలిసింది?"

"తెలుస్తూనే ఉంది కదా. వాగు చూడు."

"పూనకమొచ్చినామె గూడ గిట్లనే అంటది. తెలుస్తనే ఉన్నదని."

నా జీవితంలో నన్ను ఇంత సూటిగా ఎవరూ కొట్టలేదు. ఆ కాగితం చింపేశాను. వాగు చేసిన అన్యాయం తన కాళ్ళ మీద తాను నిలబడగలదు. ఒడ్డున కమిలిపోయిన వరి మడులున్నాయి, తేలిన చేపలున్నాయి. వాటి గురించి తర్వాత రాశాను, ఇంకా రాస్తాను. ఋజువు లేని చోట నా కుక్కను సాక్షిగా నిలబెట్టను.

నగరానికి బస్సులో కుక్కను ఎక్కించుకోనన్నాడు కండక్టరు. నేను రోడ్డు మీదే అతనితో తగవుకు దిగితే, వెనక నుంచి ఆటో హారను మోగింది. ఖాజా భాయ్ షిఫ్టు జనాన్ని ఇంకో ఆటోవాడికి అప్పజెప్పి వచ్చాడు. సీటు మీద ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంది.

"బస్సుతోని ఏం లొల్లి సార్, జల్దీ ఎక్కండ్రి. మీరిద్దరు ఎక్కించుకోండ్రి ఆమెను, నేను ముట్ట."

పెద్దాసుపత్రి వరండాలో మనుషుల ఆసుపత్రికన్నా నిశ్శబ్దం ఎక్కువ. అక్కడ నొప్పి ఉన్నవాళ్ళకు మాట రాదు, మాట వచ్చినవాళ్ళకు నొప్పి ఎక్కడో తెలియదు. ఒళ్ళో తెల్లటి బొచ్చుకుక్కతో కూర్చున్న ఒకావిడ "మీది ఏం జాతి?" అంది. నేను జాతి, కులం మీద ఉపన్యాసానికి నోరు తెరిచాను. సులోచన నా మోకాలు నొక్కింది. "వీధి జాతమ్మా" అని ఆమే చెప్పింది. ఆవిడ నవ్వలేదు. సంచిలోంచి ఒక పాత దుప్పటి తీసి, "బండలు చల్లగా ఉన్నాయి, వేయండి" అని ఇచ్చింది. పోయేటప్పుడు తిరిగి తీసుకోలేదు.

భూరిని లోపలికి తీసుకుపోయారు. గొలుసు నా చేతిలో మిగిలింది. బయట మసీదులో పిలుపు వినిపించాక ఖాజా భాయ్ వెళ్ళి, కొంతసేపటికి టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ వచ్చాడు.

"ఏం మొక్కినవ్ అన్నా?" అంది సులోచన.

"ఇంకేముంటది చెల్లె, ఆమె గురించే. సార్‌కు చెప్పకు."

"నాకు వినపడ్డది" అన్నాను.

"వినపడితే వినపడనియ్యండ్రి. మీకు మొక్కేటందుకు ఎవరు లేరు కదా, మీ వంతు గూడ నేనే మొక్కి వచ్చిన."

ఆ వరండాలో మేము ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆపరేషన్ బాగానే జరిగింది. కుట్లు నాకకుండా ఏదన్నా తొడగాలన్నారు. రజియా తన గడప దగ్గర నుంచే భూరిని కంటితోనే కొలిచి, పాత కుర్తా కత్తిరించి, నాలుగు కాళ్ళకు కట్టే బొందులున్న ఆకుపచ్చ చొక్కా కుట్టి ఇచ్చింది. సరిగ్గా సరిపోయింది. ఆ చలికాలం భూరి పెళ్ళివారి ముసలమ్మలా ఆ చొక్కాతో ఎండలో కూర్చునేది. రొట్టె మళ్ళీ గాల్లో అందుకోవడం మొదలుపెట్టింది. కొన్నిసార్లు తప్పేది. తప్పినప్పుడు ఖాజా భాయ్, "విసరుడు నాదే తప్పు" అనేవాడు.

గెలిచామనుకున్నాం. బడిలో ఒక పంతులుగారు "మీ కుక్కకు వచ్చే జన్మలో మానవ జన్మ ఖాయమండి" అని అభినందించాడు. పోయిన జన్మలో అది చేసిన తప్పేమిటో, మనం చేసిన పుణ్యమేమిటో చెప్పమని స్టాఫ్‌రూములో నేను వేసిన కేకకు పక్క తరగతి పిల్లలు పాఠం ఆపేశారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన మంచిమాటే చెప్పాలనుకున్నాడు. ఆ మంచిమాటలోనే రోగగ్రస్తులను నేరస్తులుగా చేసే విషం ఉందని నేను ఇప్పటికీ అంటాను. అంత గట్టిగా అనక్కర్లేదు, అంతే.

హోళీ దగ్గరపడుతుండగా దగ్గు మొదలైంది. పొడి దగ్గు, గొంతులో ఈక అడ్డం పడ్డట్టు. డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది.

"ఊపిరితిత్తులకు పాకింది సార్. ఇంక కోసేది ఏమీ లేదు. బాధ మరీ ఎక్కువైతే తీసుకురండి. ఒక ఇంజెక్షన్ ఉంది. నిద్రపోతుంది."

ఆ మాట మా ఇంట్లో నాలుగో మనిషిలా వచ్చి కూర్చుంది. ప్రాణి బాధను పొడిగించడం క్రూరత్వమని నేను వేదికల మీద వాదించి నెగ్గినవాణ్ణి. వాకిట్లో ఖాజా భాయ్ తల అడ్డంగా ఊపాడు.

"జాన్ ఇచ్చినోడే తీస్కోవాలె సార్. మనిషి పని కాదు గది."

"మరి ఆపరేషన్ చేయించింది ఎవరు? అప్పుడు మనిషి పనే కదా?"

"బతికిచ్చేటందుకు చేసినం. ఇది వేరే."

నా దగ్గర జవాబులున్నాయి, వరసగా ఉన్నాయి. సులోచన ఒక్క మాట అంది: "దాన్ని అడిగినమా?" అడగలేదు. అడిగే భాష లేదు. ఒక ప్రాణి పక్షాన నిర్ణయించడం ఎంత బరువో ఏ వేదికా నాకు చెప్పలేదు; వేదిక మీద ఆ ప్రాణి ఎప్పుడూ మన కాళ్ళ దగ్గర పడుకుని ఉండదు కదా.

భూరి పడుకోవడం మానేసింది. పడుకుంటే ఊపిరి ఆడదు. ముందుకాళ్ళు ఎడంగా పెట్టి, మెడ చాచి కూర్చునేది. నిద్ర ముంచుకొచ్చి తల వాలితే ఉలిక్కిపడి లేచేది. సులోచన ఎదురుగా కూర్చుని దాని గడ్డాన్ని రెండు అరచేతుల్లో ఎత్తి పట్టుకునేది. అలా పట్టుకున్నంతసేపే దానికి కునుకు. ఆమె చేతులు లాగితే నేను పట్టుకునేవాణ్ణి. వంతులు వేసుకున్నాం. రొట్టె విసిరితే పక్కన పడేది. భూరి దానివైపు చూసి, మర్యాదకు తోక ఒకసారి ఆడించేది.

ఒక పొద్దున సులోచన తన అరచేతుల్లోని తల మీంచి నావైపు చూసింది.

"ఇగ చాలు. మనం ఉంచుకుంటున్నది దాని కోసం కాదు, మన కోసం. ఇయ్యాల తీస్కపోదాం."

నిర్ణయం నా వాదన చేయలేదు. దానిని నిద్రపుచ్చిన ఆ చేతులు చేశాయి.

ఆ రోజు శుక్రవారం. ఖాజా భాయ్ తలస్నానం చేసి, ఇస్త్రీ చేసిన తెల్లటి కుర్తా పైజమాలతో జుమ్మా నమాజుకు బయలుదేరుతున్నాడు. నేను విషయం చెప్పి, "నువ్వు నమాజుకు పో, మేం ఇంకో ఆటో చూసుకుంటాం" అన్నాను.

"నాకు నచ్చలేదు సార్. నచ్చింది అని అబద్ధం చెప్ప. గని ఆమె ఇంకోని ఆటోల పోతదా?" అని తాళం చెవి తీశాడు.

దుప్పటి మీదికి జరిపి, నేనొక వైపు, సులోచన ఒక వైపు ఎత్తాం. మధ్యలో దుప్పటి వంగి, భూరి ఛాతీ నొక్కుకుపోయి ఒక అరుపు అరిచింది. దించాం. మళ్ళీ ఎత్తాం. మళ్ళీ అదే అరుపు. ఒక్కణ్ణే ఎత్తుదామంటే నడుము సహకరించడం లేదు.

"జరుగుండ్రి సార్."

ఖాజా భాయ్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక చేయి ఛాతీ ముందుగా, ఒక చేయి వెనక కాళ్ళ కిందుగా పెట్టి, ఎట్లా కూర్చుందో అట్లాగే ఆమెను ఎత్తి గుండెకు ఆనించుకున్నాడు. భూరి అరవలేదు. పదేళ్ళకు పైగా గాల్లో రొట్టె విసిరిన ఆ చేతులు ఆమెకు మొదటిసారి తగిలాయి. మెడ చాచి గడ్డం అతని భుజం మీద పెట్టింది. నోటి నుంచి జారిన సొల్లు తెల్లటి కుర్తా మీదుగా కిందికి కారింది. అతను చూసుకోలేదు.

"భూరీ, బేటా, హల్లూ హల్లూ" అంటూ మెల్లమెల్లగా నడిచాడు. ఆటో తోలాలి కనుక సీటు మీద కూర్చోబెట్టక తప్పలేదు. దవాఖానలో మళ్ళీ అతనే దించాడు. డాక్టరమ్మ వచ్చి, "మీరు ఎత్తుకునే ఉండండి, బల్ల మీద వద్దు" అంది. సులోచన గడ్డం కింద అరచేతులు పెట్టింది. నేను వీపు మీద చేయి వేశాను. మసీదు మైకులో ప్రసంగం వినిపిస్తోంది. సూది గుచ్చినప్పుడు భూరి చెవి ఒక్కసారి కదిలింది. తర్వాత ఆమె తల బరువంతా సులోచన చేతుల్లోకి వచ్చింది. ఉలిక్కిపడి లేవలేదు.

ఇంటి వెనక, ప్రహరీ పక్కన, ఆకుపచ్చ చొక్కాతోనే పూడ్చాం. మంత్రం లేదు, దీపం లేదు. రజియా దూరంగా నిలబడి చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత ఖాజా భాయ్ లుంగీ కట్టుకుని బోరింగు దగ్గరికి వచ్చాడు. కుర్తా విప్పి బకెట్లో వేశాడు.

"జుమ్మా పోయింది కదా భాయ్" అన్నాను.

"ఇంటికాడ చదువుకుంట. ముందుగాల కడుక్కోవాలె."

అతను అలవాటుగా ఒక చేయి బోరింగు మీద వేశాడు. నేను ఆ చేయి పక్కకు తీసి పిడి పట్టుకున్నాను. వంగి బోరింగు పక్కనున్న మడిలోంచి ఇంత మన్ను తీసి అతని అరచేతిలో పెట్టి, కొట్టడం మొదలుపెట్టాను. అతను చేతులు, మెడ, భుజం రుద్దుకున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు:

"ఏంది సార్, ఇయ్యాల అడుగుత లేరు? సబ్బుతోని పోనిది మట్టితోని పోతదా అని?"

"నీళ్ళు కొడుతున్న కదా. కడుక్కో."

నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. ఎర్రమట్టి నీళ్ళు అతని మోచేతుల నుంచి జారి, బండ మీదుగా పారి, పక్కనున్న భూరి గుంటలోకి చేరాయి. గుంట నిండింది. ఇద్దరం చూశాం. అతను ఇంకో చేయి చాచాడు. నేను కొడుతూనే ఉన్నాను.